దీపాన్ని అడగండి: "నీకు కరెంటు ఎక్కడిది?"



మన హాస్టల్లో స్నానాల గదుల వెనుక, నీళ్ళ ట్యాంకు కింద, గోడకు ఒక ఇనుప పెట్టె ఉండేది. దాని మీద మూడు చిన్న దీపాలు: ఎరుపు, పసుపు, నీలం. తెల్లవారుజామున బకెట్టు పట్టుకుని వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరం ఆ దీపాలను చూసినవాళ్ళమే. మూడూ వెలిగితే నీళ్ళు వస్తాయి, వెలగకపోతే రావు. అంతవరకే మనకు తెలుసు. అయితే మూడూ వెలుగుతున్నా మోటారు మూలుగుతూ కూర్చుని ఒక్క చుక్క నీరు రాని రోజులు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు మనలో ఎవరో ఒకరు ముందుకు వెళ్ళి పెట్టెను అరచేత్తో బలంగా కొట్టేవాళ్ళు. ఒక్కోసారి ఆ దెబ్బకు మోటారు కదిలేది. కొట్టినవాడు ఆ రోజంతా హీరోలా తిరిగేవాడు.

ఈ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం పంపమని అడిగినప్పుడు మాకు ఆ పెట్టే గుర్తుకొచ్చింది. రాకెట్ల గురించి, అణుశక్తి గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. మన చేతికి అందే ఎత్తులో, రోజూ కళ్ళ ముందు వెలిగే దీపాల గురించి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని యంత్రాల మీద ఉండే సూచిక దీపాలను ఎలా చదవాలి, అవి ఎప్పుడు నిజం చెబుతాయి, ఎప్పుడు మోసం చేస్తాయి అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన ప్రాంతానికి ఇది ఎందుకు అవసరం?

ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆకివీడు వరకు ఒకసారి బస్సులో వెళ్ళి చూడండి. రోడ్డుకు రెండు వైపులా చెరువులు, చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు, మధ్యమధ్యలో ఐస్ ఫ్యాక్టరీలు. కొల్లేరు చుట్టుపక్కల పెరిగిన చేప ఐస్ పెట్టెల్లో పడుకుని కలకత్తా, అస్సాం వరకు ప్రయాణం చేస్తుంది. ఆ ఐస్ తయారు కావాలంటే కంప్రెసర్లు ఆగకుండా నడవాలి. ఊళ్ళో పాలు చల్లబరిచే కేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్, ఏలూరు ఆసుపత్రుల్లో ఏసీలు, తాడేపల్లిగూడెం నిట్‌లో ప్రయోగశాలలు, ఇవన్నీ చల్లదనం మీద ఆధారపడ్డవే. ప్రతి యంత్రం మీదా ఏదో ఒక దీపం ఉంటుంది.

మన హాస్టల్లో చదివిన అన్నలు ఎంతోమంది ఐ.టి.ఐ.లో రెండేళ్ళ రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడు చేసి ఈ పనుల్లోనే స్థిరపడ్డారు. మన ఇళ్ళల్లో చాలామంది చెరువుల మీద కాపలాకో, ఐస్ దిమ్మలు మోయడానికో, ప్యాకింగుకో వెళతారు. యంత్రం చెడిపోయినప్పుడు మొదట మాట పడేది ఆ సమయంలో అక్కడ ఉన్నవాళ్ళే. మా ఇంట్లోనూ అదే జరిగింది.

ఆ రాత్రి ఏమైంది?

2017 వేసవి. మేము పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి వచ్చాం. మా నాన్న కైకలూరు వైపు ఒక రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. చెరువులో నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే నాచు ప్రాణవాయువు పీల్చుకుంటుంది. అందుకే నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరు నీటికి 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్యకు ఊపిరి ఆడదు. ఆ వేళ ఏరియేటర్లు ఆగకూడదు. ఆగకుండా చూడటమే నాన్న పని. ఆయన చదువుకోలేదు. ఆయనకు చెప్పింది ఒక్కటే: "బోర్డు మీద మూడు లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూస్తూ ఉండు. ఒకటి ఆరిపోయినా వెంటనే మోటార్లు ఆపి ఫోన్ చెయ్యి."

ఆ రాత్రి మూడు గంటలు దాటాక నాన్నకు ఏదో మాడుతున్న వాసన వచ్చింది. షెడ్డుకు పరుగెత్తి బోర్డు చూశాడు. మూడు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. గట్టు మీదకు వెళ్ళేసరికి ఒక ఏరియేటరు ఆగింది, తరువాత మరొకటి, తరువాత ఇంకొకటి. తెల్లారేసరికి మూడు మోటార్ల వైండింగు కాలిపోయింది. రొయ్యలు గట్టు అంచులకు చేరి తేలుతున్నాయి. చెరువు ఆయన వచ్చి మర్నాడే ఉన్న సైజుకు రొయ్యలు పట్టించి వచ్చిన రేటుకు అమ్ముకున్నాడు. ఆయన కూడా అప్పు తెచ్చి చెరువు లీజుకు తీసుకున్నవాడే.

"నిద్రపోయావు కదయ్యా?" అని అడిగాడాయన.

"లేదండి బాబూ, మూడు లైట్లూ ఎలుగుతూనే ఉన్నాయండి" అన్నాడు నాన్న.

లైన్‌మన్ వచ్చి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోయి ఉంది. ఫేజు పోతే దీపం ఆరాలి గదా! ఆరిన దీపాన్ని చూడలేదంటే నిద్రపోయినట్టే గదా! మోటార్లు మళ్ళీ చుట్టించిన ఖర్చు నాలుగు నెలల పాటు నాన్న జీతంలో కోసుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మేము కూడా నాన్న కాస్త కునుకు తీసే ఉంటాడని మనసులో అనుకున్నాం. ఆయన ఒకటి రెండుసార్లు చెప్పి తరువాత ఆ మాట ఎత్తడం మానేశాడు.

మూడో దీపం ఎలా వెలిగింది?

ఈ ప్రశ్నకు జవాబు మాకు నాలుగేళ్ళ తరువాత దొరికింది. 2021లో డిగ్రీ సెలవుల్లో తాడేపల్లిగూడెంలో మోటార్లు చుట్టే మన హాస్టల్ సీనియర్ అన్న దగ్గర కొన్నాళ్ళు పనిచేశాం. ఒకరోజు మాటల్లో నాన్న సంగతి చెప్పాం. అన్న ఏమీ అనకుండా ఒక మూడు ఫేజుల మోటారును బోర్డుకు కలిపి నడిపించాడు. మూడు దీపాలూ వెలిగాయి. తరువాత మెయిన్ దగ్గర ఒక ఫ్యూజు లాగేశాడు. మోటారు ఆగలేదు. దాని చప్పుడు కొంచెం బరువుగా మారింది. మేము దీపాల వైపు చూశాం. మూడూ వెలుగుతూనే ఉన్నాయి! లాగేసిన ఫేజు దీపం కాస్త మసకబారింది, అంతే. పక్కన పోల్చుకోవడానికి మామూలుగా వెలుగుతున్న దీపం లేకపోతే ఆ తేడా తెలియను కూడా తెలియదు.

"ఇప్పుడు ఆ దీపాన్ని అడుగు, నీకు కరెంటు ఎక్కడిది అని" అన్నాడు అన్న.

దీని వెనుక సూత్రం కష్టమైనదేమీ కాదు. సైకిల్ డైనమో మనందరికీ తెలుసు. అయస్కాంతం తిరుగుతుంటే పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. మూడు ఫేజుల మోటారులో మూడు తీగచుట్టలు ఉంటాయి. తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోయినా మిగిలిన రెండింటితో అది తిరుగుతూనే ఉంటుంది. లోపల తిరిగే రోటరు అప్పటికే అయస్కాంతంలా పనిచేస్తోంది కాబట్టి, సరఫరా పోయిన మూడో తీగచుట్టలో డైనమోలో లాగే వోల్టేజి పుడుతుంది. అది తీగ వెంట వెనక్కి వచ్చి బోర్డు మీది దీపాన్ని వెలిగిస్తుంది. అంటే ఆ రాత్రి మూడో దీపానికి కరెంటు ట్రాన్స్‌ఫార్మరు నుంచి రాలేదు. కాలిపోతున్న మోటార్లే దానిని వెలిగించాయి.

మూడు తీగలు మోయవలసిన బరువును రెండు తీగలు మోయవలసి వస్తే ఒక్కొక్కదానిలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సుమారు మూడు రెట్లవుతుంది. దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు. ఇలాంటప్పుడు మోటారును ఆపడానికే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. అది మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాని మరను మోటారు అసలు సామర్థ్యం కంటే ఎక్కువకు తిప్పి పెడతారు. కాపలాదారును తప్పించి కాపలా పెట్టుకున్నట్టు అవుతుంది. మేము చూసిన చాలా చెరువుల మీద అదే పరిస్థితి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అనే పరికరం కూడా దొరుకుతుంది. అయితే వోల్టేజిని మాత్రమే చూసే రకం పైన చెప్పిన వెనక్కి వచ్చే వోల్టేజికి మోసపోవచ్చు. కరెంటును చూసే రకం మేలు.

మరి నాన్న ఏం చేసి ఉండాల్సింది? మోటార్లన్నీ ఆపి, అప్పుడు దీపాలు చూడాలి. మోటార్లు ఆగితే వెనక్కి వచ్చే కరెంటు ఉండదు. నిజంగా పోయిన ఫేజు దీపం ఆరిపోతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. అదే ట్రాన్స్‌ఫార్మరు మీద పక్క చెరువు మోటార్లు తిరుగుతుంటే అవి కూడా మన దీపాన్ని మసకగా వెలిగించగలవు. కాబట్టి మసకగా ఉన్న దీపాన్ని వెలుగుతున్న దీపంగా లెక్క వేయకూడదు. అనుమానం వస్తే మీటరు తెలిసినవాళ్ళు ఫేజుకూ ఫేజుకూ మధ్య వోల్టేజి కొలవాలి. మూడు జతల్లోనూ సుమారు 415 వోల్టులు, దాదాపు సమానంగా రావాలి.

హాస్టల్ పెట్టెను కొట్టినప్పుడు మోటారు ఎందుకు కదిలేదో కూడా ఇప్పుడు చెప్పవచ్చు. దీపాలు కట్టేది సాధారణంగా కరెంటు బోర్డులోకి వచ్చే చోట. దాని తరువాత కాంటాక్టరు, రిలే, ఆ తరువాత మోటారు. కాంటాక్టరులో ఒక పలక మాడి సరిగా అంటుకోకపోతే దీపాలు మూడూ నిక్షేపంగా వెలుగుతాయి, మోటారుకు మాత్రం రెండు ఫేజులే చేరతాయి. ఆగి ఉన్న మోటారు రెండు ఫేజులతో బయలుదేరలేదు, మూలుగుతూ నిలబడుతుంది. మన దెబ్బకు ఆ పలక కదిలి అంటుకునేది. హీరో అయినవాడు నిజానికి మోటారును కాల్చే పనిలో ఉన్నాడన్నమాట! మోటారు మూలిగితే చేయవలసిన పని వెంటనే ఆపేయడం.

రంగులతో తికమక

ఎరుపు అంటే ప్రమాదం, ఆకుపచ్చ అంటే క్షేమం అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. బోర్డుల దగ్గర ఈ లెక్క ఎప్పుడూ చెల్లదు. మన దేశంలో చాలా విద్యుత్ ప్యానెళ్ళ మీద ఎర్ర దీపం వెలిగితే "కరెంటు పోతోంది, నడుస్తోంది" అనీ, ఆకుపచ్చ వెలిగితే "ఆగి ఉంది" అనీ అర్థం. కరెంటు ఉన్నదే ప్రమాదం కాబట్టి దానికి ఎరుపు పెట్టారు. విదేశీ పద్ధతిలో తయారైన యంత్రాల మీద తిరగేసి ఉంటుంది: ఆకుపచ్చ అంటే సవ్యంగా నడుస్తోంది, ఎరుపు అంటే లోపం. ఒకే షెడ్డులో ఈ రెండు రకాల బోర్డులూ పక్కపక్కనే ఉండవచ్చు. ఇక మూడు ఫేజుల ఎరుపు, పసుపు, నీలం దీపాలకు మంచీ చెడూ లేవు, అవి ఫేజుల పేర్లు మాత్రమే.

మన భాషలో మరొక చిక్కు ఉంది. మన వైపు పెద్దవాళ్ళు పసుపునూ పచ్చ అంటారు, ఆకుపచ్చనూ పచ్చ అంటారు. "పచ్చ లైటు పోయిందండీ" అని ఫోన్ చేస్తే అవతలి మెకానిక్కు ఏమి అర్థం కావాలి? అందుకని రంగుతో పాటు స్థానం కూడా చెప్పాలి: "పై వరుసలో ఎడమ నుంచి రెండోది." చదువు రాని వాళ్ళకు కూడా ఇది సులువు.

చెప్పడం వేరు, చేయడం వేరు

ఇక చల్లని గదుల సంగతికి వద్దాం. 2022 వేసవిలో ఒక చేపల ప్యాకింగ్ షెడ్డులో లెక్కలు రాసే పనిలో చేరాం. అక్కడ ఒక చిన్న కోల్డ్ రూమ్ ఉంది. తలుపు పక్కన అరచేతి సగమంత కంట్రోలరు, దాని మీద ఉష్ణోగ్రత అంకెలు, మంచు పువ్వు ఆకారంలో ఒక దీపం. ఒక మధ్యాహ్నం అంకెలు 2 నుంచి 5కు, 5 నుంచి 9కి పెరిగాయి. మంచు పువ్వు దీపం మాత్రం నిలకడగా వెలుగుతోంది. "కంప్రెసర్ నడుస్తూనే ఉందిగా, ఇంకా తగ్గించి పెట్టండి" అని సూపర్‌వైజరు బటన్లు నొక్కి సున్నా కంటే కిందకు పెట్టాడు. అరగంట గడిచినా అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.

మేము షెడ్డు వెనక్కి వెళ్ళి చూశాం. కంప్రెసర్ చప్పుడే లేదు. మంచు పువ్వు దీపం "కంప్రెసర్ నడుస్తోంది" అని చెప్పదు. "కంప్రెసర్‌ను నడవమని నేను చెప్పాను" అని మాత్రమే చెబుతుంది. మేస్త్రీ పని చెప్పి వెళ్ళినంత మాత్రాన గోడ లేవదు గదా! ఆ ఆజ్ఞ కంట్రోలరు నుంచి బయలుదేరి అధిక పీడనం చూసే కటౌట్, అల్ప పీడనం చూసే కటౌట్, ఓవర్‌లోడ్ రిలే, కాంటాక్టరు, వీటన్నిటినీ దాటితేనే కంప్రెసర్‌ను చేరుతుంది. ఆ రోజు అధిక పీడనం కటౌట్ పడిపోయి ఉంది. బయట వేడిని వదిలే కండెన్సరు రేకుల నిండా దుమ్ము, విరిగిన థర్మోకోల్ పెట్టెల నలుసులు అతుక్కుపోయి గాలి ఆడటం లేదు. మెకానిక్ వచ్చి శుభ్రం చేసి రీసెట్ చేస్తే గంటలో గది దారిలో పడింది. ఆజ్ఞ ఇవ్వడం మానని కంట్రోలరుకు ఇంకా చల్లగా ఉంచమని చెప్పడం వల్ల ప్రయోజనం ఏమీ లేకపోయింది.

ఇలాంటి కంట్రోలర్లలో సాధారణంగా కనిపించే సూచనలు మరికొన్ని చూద్దాం.

మంచు పువ్వు నిలకడగా వెలగకుండా మెరుస్తూ ఉంటే చాలా రకాల్లో అది లోపం కాదు. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్ళీ బయలుదేరితే ఒకవైపు పీడనం ఎక్కువగా ఉండి మోటారు మీద భారం పడుతుంది. రెండు వైపులా పీడనం సర్దుకోవడానికి మూడు నిమిషాల వంటి విరామం ఇస్తారు. ఆ విరామంలో దీపం మెరుస్తుంది. ఇంట్లో ఏసీ కూడా కరెంటు పోయి వచ్చాక కొద్దిసేపు వేడిగాలి మాత్రమే ఊదడానికి కారణం ఇదే. ఆ సమయంలో రిమోటు నొక్కి నొక్కి ఆపి వేస్తుంటే విరామం మళ్ళీ మొదటికి వస్తుంది. చేతులు కట్టుకుని నిలబడటమే అప్పటి మరమ్మతు.

అంకెల స్థానంలో పి1 అని వస్తే చాలావాటిలో గదిలోని సెన్సారు నుంచి కబురు అందడం లేదని అర్థం. సెన్సారు లోపల ఉండేది వేడిని బట్టి నిరోధం మారే చిన్న పూస. ఎక్కువగా వాడే రకానికి 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓములు, 0 డిగ్రీల దగ్గర సుమారు 27 నుంచి 33 వేల ఓములు ఉంటుంది. వైరు తెగినా, ఎలుక కొరికినా, లోపలికి నీరు చేరినా లెక్క తప్పుతుంది. అంకెలు వస్తున్నాయి గానీ నమ్మబుద్ధి కాకపోతే గ్లాసులో ఐస్ ముక్కలు, కాసిని నీళ్ళు కలిపి సెన్సారును అందులో ముంచండి. కొద్దిసేపటికి తెర మీద సున్నాకు దగ్గరగా రావాలి. మన సైన్సు పుస్తకంలో మంచు కరిగే ఉష్ణోగ్రత అని చదివింది ఇక్కడ పనికొస్తుంది. హెచ్ఏ అని వస్తే గది ఉండవలసిన దానికంటే వేడెక్కిందన్న హెచ్చరిక. అది ఫలితం చెబుతుంది, కారణం చెప్పదు. తలుపు సరిగా మూయకపోయినా అదే వస్తుంది.

మెరుపులు లెక్కపెట్టడం

గోడ ఏసీలకు తెర లేకపోతే ఒక చిన్న దీపమే మాట్లాడాలి. అది మెరుపులతో మాట్లాడుతుంది. ఉదాహరణకు అయిదు సార్లు మెరిసి, ఆగి, మళ్ళీ అయిదు సార్లు మెరుస్తుంది. కొన్ని బోర్డుల మీద రెండు దీపాలుంటాయి, ఒకటి పదుల స్థానం, మరొకటి ఒకట్ల స్థానం. ఈ అంకెకు అర్థం ఆ కంపెనీ, ఆ మోడలు పట్టికలోనే ఉంటుంది. ఆ పట్టికను చాలాసార్లు బయటి యూనిట్ మూత లోపల అంటిస్తారు. ఒక కంపెనీ అర్థాన్ని మరొక కంపెనీకి అంటగట్టడం కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. పోయింది పది రూపాయల వైరైతే వేల రూపాయల బోర్డు మార్పించిన సందర్భాలు మాకు తెలుసు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఏసీ చెడగానే మనం చేసే మొదటి పని స్విచ్ ఆపి వేయడం. చాలా బోర్డుల్లో కరెంటు తీయగానే ఆ మెరుపుల లెక్క చెరిగిపోతుంది. మాడు వాసన, పొగ లాంటివి ఉంటే తప్పకుండా ముందు కరెంటే తీయాలి. అవేమీ లేకపోతే ముందు ఫోన్‌తో దీపాన్ని ఒక నిమిషం వీడియో తీయండి. లెక్క తరువాత నెమ్మదిగా వేసుకోవచ్చు, మెకానిక్కు పంపవచ్చు.

రీసెట్ బటన్ మందు కాదు

పడిపోయిన రిలేను ఒకసారి లేపి చూడటంలో తప్పులేదు, కారణం వెతికిన తరువాత. మళ్ళీ పడితే వదిలేయాలి. ఐస్ ఫ్యాక్టరీల్లో దీని తీవ్రత మరీ ఎక్కువ. అక్కడ వాడేది ఎక్కువగా అమ్మోనియా. అధిక పీడనం దీపం వెలిగిందంటే కండెన్సరుకు నీళ్ళు అందడం లేదేమో, పంపు ఆగిందేమో, గొట్టాల్లో గార పట్టిందేమో చూడాలి. ఆ దీపాన్ని నోరు మూయించడానికి కటౌట్ వైర్లు కలిపేస్తే గొట్టాలు, జాయింట్లు ఆ పీడనాన్ని మోయాలి. పక్కన పనిచేసేవాళ్ళు మన ఇళ్ళవాళ్ళే. ఆయిల్ పీడనం దీపం వెలిగితే కంప్రెసర్ లోపల తైలం అందడం లేదని అర్థం. అక్కడ రెండోసారి రీసెట్ నొక్కడమంటే కంప్రెసర్‌ను చేజేతులా అరగదీయడమే.

గుర్తుంచుకోవలసినవి

1. దీపం తనను ఎక్కడ కట్టారో ఆ చోటు గురించి మాత్రమే చెబుతుంది. దాని ముందు, వెనుక ఏమి జరుగుతోందో మనమే చూడాలి.

2. వెలుగుతోందా, ఆరిందా, మసకగా ఉందా, మెరుస్తోందా? ఈ నాలుగింటికీ నాలుగు అర్థాలు.

3. దీపాన్ని నమ్మే ముందు చెవితో, ముక్కుతో సరిచూసుకోండి. చప్పుడు మారిందా? మాడు వాసన వస్తోందా?

4. మూడు ఫేజుల మోటారు చప్పుడు బరువెక్కితే దీపాలు వెలుగుతున్నా ముందు ఆపండి, ఆపి దీపాలు చూడండి.

5. ఆరిన దీపం అంటే కరెంటు లేదని కాదు. దీపమే మాడిపోయి ఉండవచ్చు. ఆరిన దీపాన్ని నమ్మి వైరు ముట్టుకోవద్దు. టెస్టరు వెలగకపోయినా అంతే.

6. చెరువు గట్టు మీద, స్నానాల గది పక్కన తడి చేతులతో, చెప్పులు లేకుండా బోర్డు దగ్గరకు వెళ్ళవద్దు. మూత తీయడం తెలిసినవాళ్ళ పని. ఏసీ బయటి యూనిట్‌లో కెపాసిటరు స్విచ్ ఆపాక కూడా షాకు కొడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు మనం ఎక్కి వేసేది కాదు, 1912కు ఫోన్ చేయండి.

7. ఏ దీపం, ఏ వేళ, ఎలా ఉందో కాగితం మీద రాయండి. రాయడం రానివాళ్ళు మూడు సున్నాలు చుట్టి, ఆరినదాన్ని కొట్టివేస్తే చాలు. ఆ కాగితం మెకానిక్కు గంట పని తగ్గిస్తుంది, కాపలా మనిషి మీద నింద పడకుండా సాక్ష్యం చెబుతుంది.

చివరగా

ఆ రోజు తాడేపల్లిగూడెంలో అన్న ఫ్యూజు లాగి చూపించిన సాయంత్రమే నాన్నకు ఫోన్ చేశాం. డైనమో సంగతి, వెనక్కి వచ్చే కరెంటు సంగతి అంతా చెప్పాం. ఆయన మధ్యలో ఏమీ అడగలేదు. అంతా విన్నాక, "నేను చెప్పలేదంట్రా?" అన్నాడు. మేము ఏమీ మాట్లాడలేకపోయాం. ఆ నాలుగు నెలల జీతం తిరిగి రాలేదు, రాదు కూడా. చెరువు ఆయనకు కూడా వివరంగా చెప్పాం. మరుసటి పంటకు ఆయన రిలేలన్నీ సరిచేయించి, కరెంటును చూసే ప్రివెంటర్ పెట్టించాడు. నాన్నను ఏమీ అనలేదు, క్షమించమనీ అనలేదు. నాన్న ఇప్పుడు వేరే చెరువు మీద ఉన్నాడు.

కిందటి వర్షాకాలంలో ఒక అర్ధరాత్రి నాన్న ఫోన్ చేశాడు. "మోటార్ల సౌండు తేడాగా ఉందిరా. ఆపేశాను. ఆపి చూస్తే ఎడం నుంచి రెండోది ఆరిపోయింది. మూడు సున్నాలు చుట్టి కొట్టేసి పెట్టాను. జనరేటర్ ఏశాను" అన్నాడు. అప్పటికే చేయవలసినదంతా చేశాడు. మేము చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్నది మేమే మొదలు. ఆ పట్టా ఇంటికి తెచ్చిన రోజున అందరూ సంతోషించారు. కానీ మన చదువు ఇంటివాళ్ళ మాటకు సాక్ష్యంగా నిలబడగలదని మాకు తెలిసింది ఆ ఫ్యూజు లాగిన రోజున. తమ్ముళ్ళూ, మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒక యంత్రం పక్కన నిలబడి మాట పడే ఉంటారు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళను కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో మొదటి నుంచి అడగండి. తరువాత మీ పుస్తకాలు తెరవండి. మన హాస్టల్ వెనుక గోడ మీది పెట్టె దగ్గరకు కూడా ఒకసారి వెళ్ళండి. దాన్ని కొట్టకండి, చూడండి.